ఉలుకమ్మకు ధైర్యం నేర్పినవాళ్ళు

ఆ లిఫ్టు దానంతట అది పడలేదు. మీరు పడేశారు. మేనేజరుగారూ, మీరు. సంక్షేమం మేడంగారూ, మీరు. బుధవారం పూట మెత్తని చెప్పులు వేసుకొచ్చి మెత్తగా మాట్లాడి వెళ్ళే ధైర్యం సారూ, మీరు కూడా. నాకేం తెలియదని తప్పుకోకండి, తెలుసుకోకపోవడమే మీ తప్పు. బ్రేకు అరిగిపోయిందని మెకానిక్ మీ ముఖానే చెప్పాడు. బ్రేకు మార్చాల్సింది పోయి, ఆ బ్రేకుకు భయపడే మనిషిని మార్చారు. బ్రేకు మార్చాలంటే పని ఆపాలి. మనిషిని మార్చడానికి ఒక కుర్చీ, ఒక గ్లాసు మంచినీళ్ళు చాలు. ఇవాళ ఆ లిఫ్టులో ట్రాలీ పట్టుకునే గడసరి తుంటి విరిగి ఆసుపత్రి మంచం మీద పడుంది. ఆమె కింద పరిచిన దుప్పటి ఆమె చేతుల మీదుగా పోయిందే అయినా ఆశ్చర్యం లేదు.

అనుకోకుండా జరిగిన ప్రమాదమని గేటు దగ్గర కాగితం అంటించారు. జరిగింది జరిగినట్టు చెబితే, అది అనుకోకుండా జరిగిందో కాదో వినేవాళ్ళే తేల్చుకుంటారు.

అది బట్టలుతికే కంపెనీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, దిండు గలీబులు, జబ్బు మనుషులు కప్పుకున్నవీ డబ్బు మనుషులు తుడుచుకున్నవీ అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికే యంత్రాలు, పిండే యంత్రాలు నేలమాళిగలో ఉంటాయి. ఆరబెట్టే యంత్రాలు, ఇస్త్రీ రోలర్లు రెండో అంతస్తులో. తడిబట్ట కింద, పొడిబట్ట పైన పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడు జన్మలో ఒక్క తడి దుప్పటి ఎత్తి ఉండడు. పిండినా సరే అది రాయిలా ఉంటుంది. అలాంటివి నిండిన ట్రాలీని ఇద్దరు తోస్తే తప్ప కదలదు. దాన్ని పైకి తీసుకెళ్ళేది సరుకుల లిఫ్టు. ఆ లిఫ్టు బయలుదేరేటప్పుడు కుదుపుతుంది. కుదుపుకు ట్రాలీ దొర్లి మడత గేటుకు కొట్టుకుందంటే లిఫ్టు దారిలో నిలిచిపోతుంది. అందుకని ఇద్దరు మనుషులు లోపల నిలబడి, చెరోవైపు ట్రాలీని పట్టుకుని పోవాలి. గోడ మీద మాత్రం 'సరుకులకు మాత్రమే, మనుషులు ఎక్కరాదు' అని ఎర్రక్షరాలు. ఆ అక్షరాల కిందే నిలబడి సూపర్‌వైజరు రోజూ, ఎక్కండెక్కండి, పైన రోలర్లు ఖాళీగా తిరుగుతున్నాయని తరుముతాడు.

ఉలుకమ్మ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, జనం నోళ్ళలో లేదు. బకెట్టు కింద పడితే ఉలిక్కిపడుతుంది. ఆవిరి గొట్టం బుస్సుమంటే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంటుంది. బస్సు వంతెన ఎక్కితే కళ్ళు మూసుకుంటుంది. ఒకసారి గలీబుల మూటలోంచి బల్లి బయటికొస్తే ఆమె వేసిన కేకకు బల్లే సొమ్మసిల్లిందని చెప్పుకుని నెలల తరబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పిరికిదాన్నేనమ్మా, కాదన్నానా అనేది.

లిఫ్టు కిందికొచ్చి ఆగేటప్పుడు ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. అది రోజూ ఉండేదే. కొన్ని రోజులు మాత్రం ఆ చప్పుడు వెనకే ఇంకొకటి వచ్చేది, మాడిన గిన్నెను గరిటెతో గీకినట్టు. అది వినపడగానే ఉలుకమ్మ అడుగు వెనక్కి పడేది. ఆమెకు బ్రేకుల సంగతి తెలియదు, తాళ్ళ సంగతి తెలియదు. భయం తెలుసు, అంతే. ఆమె వెనకడుగు వేసిందంటే ఆ పూట ఇంకెవరూ ఎక్కేవారు కాదు. ఎవరూ కూర్చుని నిర్ణయం చేసింది కాదిది. ఎలా మొదలైందో కూడా ఎవరికీ గుర్తులేదు. అమ్మగారికి ఇవాళ మనసు బాగోలేదట అని ఒకరనేవారు, అయితే మనకూ బాగోలేదు అని ఇంకొకరనేవారు. తడి దుప్పట్లు మూటలు కట్టి భుజాన వేసుకుని మెట్లెక్కేవారు. వీపంతా తడిసి, మెట్ల మీద నీళ్ళు కారి, సూపర్‌వైజరు గొంతు చించుకుని, పైన రోలర్లు ఖాళీగా తిరిగి, నానా యాతనా అయ్యేది. చాలాసార్లు అదంతా ఉత్త పుణ్యానికే. కాసేపటికి ఖాళీగా పంపిస్తే లిఫ్టు బుద్ధిగా పైకి పోయేది. ఉలుకమ్మకు తల కొట్టేసినట్టుండేది.

అయితే ఒకసారి ఆమె వెనకడుగు వేశాక, పంపిన ఖాళీ లిఫ్టు సగం దాకా పోయి, జారి, నేలమాళిగ అదిరేలా కింద పడింది. ఆ తర్వాత నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఆమె పాదాల వంక ఓ కన్ను వేసి ఉంచేవారు. మెకానిక్ వచ్చాడు. బ్రేకు పట్టీ అరిగి కాగితమైందని, కొత్తది తెప్పించి వేసేదాకా లిఫ్టు ముట్టుకోవద్దని చెప్పాడు. లిఫ్టు ఆగితే పని ఆగుతుంది. మేనేజరు మెకానిక్ చేత గ్రీజు రాయించి పంపేశాడు.

చూశారుగా. అంత పెద్ద భవనంలో ప్రాణం కాపాడే సాధనం ఒకే ఒక్కటి ఉండేది. అది ఉలుకమ్మ పిరికితనం.

ఇక విమానం సంగతి. ఉలుకమ్మ మొగుడు బడి వ్యాను డ్రైవరు. బడికి సెలవులొస్తే ఆయనకూ సెలవు. పెళ్ళయింది మొదలు వాళ్ళు ఊరు కదిలిందంటే ఎవరి పెళ్ళికో, ఎవరి చావుకో. ఈసారి సముద్రం చూద్దామన్నాడాయన. సముద్రం దూరం. రైల్లో పోతే పోనూరానూ సెలవంతా పట్టాల మీదే అయిపోతుంది. ఎక్కడో చవగ్గా దొరికాయని విమానం టికెట్లు కొనేశాడు. తనకు, పెళ్ళానికి, కూతురికి, తల్లికి. అవి వాపసు తీసుకోరని కూడా చెప్పాడు, ఏదో గొప్ప సంగతి చెప్పినట్టు.

కూతురు ఐదో తరగతి. ఆ సాయంత్రం నుంచే బల్ల మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. అత్తగారికైతే పదేళ్ళ వయసు తగ్గిపోయింది.

"నాకు కిటికీ సీటు కావాలిరా. పైనుంచి మా తోడికోడలి ఇల్లు కనిపిస్తే చెయ్యూపాలి. ఇన్నాళ్ళూ అది మేడ మీంచి నన్ను చూసింది."

ఉలుకమ్మ ఆ టికెట్ల వంక చూసి గోడకు చేరగిలబడింది. అంతెత్తున, కింద నేల లేకుండా, తలుపు మూసేసి. తలుచుకుంటేనే అరికాళ్ళు చల్లబడ్డాయి. చూస్తే అలవాటవుతుందని మొగుడు ఒక ఆదివారం వ్యానులో విమానాశ్రయం వెనక రోడ్డుకు తీసుకెళ్ళాడు. నెత్తి మీంచి విమానం ఒకటి ఉరుముతూ దిగేసరికి ఆమె సీట్లోంచి జారి కిందకి నక్కింది. ఆయన ముందు నవ్వాడు. ఆమె ఎంతసేపటికీ లేవకపోయేసరికి నవ్వు ఆపి, ఇంజను ఆపి, నీళ్ళ సీసా మూత తీసిచ్చాడు.

ఇంటికొచ్చాక ఆమె మెల్లగా, మీరు ముగ్గురూ వెళ్ళిరండి అంది. కూతురు అప్పుడు బల్ల మీద ఈదుతోంది. లేచి కూర్చుని, "నువ్వు రాకపోతే నేనూ పోను" అంది. ఏడవలేదు, అలగలేదు. దిగిపోయి బల్లను గోడకు జరిపేసింది. ఉలుకమ్మ అది చూడలేకపోయింది. ఏమైనా సరే ఈ భయాన్ని చంపాలి, విమానం ఎక్కాలి అనుకుంది. జన్మలో మొదటిసారి ఆమెకు తన పిరికితనం మీద కోపం వచ్చింది.

ఆమె ఆ సంగతి గడసరికి చెప్పుకుంది. ట్రాలీకి ఒకవైపు ఉలుకమ్మ, రెండోవైపు గడసరి, ఏళ్ళ తరబడి అదే జోడు. గడసరి వయసులో పెద్దది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో లాక్కొచ్చింది, నోటికి తాళం లేదు. ఆమె చెవిన వేస్తే ఊరంతా చాటింపు వేసినట్టే. మధ్యాహ్నం తిండి వేళకల్లా ఉలుకమ్మ విమానం అందరి నోళ్ళలో ఎగిరింది.

"నువ్వు మాత్రం మెట్ల మీద వెనకడుగు వెయ్యకే తల్లీ. నువ్వాగావంటే పైలట్టు కూడా దిగిపోతాడు" అంది గడసరి.

అందరూ పొట్టలు పట్టుకున్నారు. సూపర్‌వైజరు నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు. తిన్నగా సంక్షేమం మేడం గదికి వెళ్ళాడు. మేడం మేనేజరు గదికి వెళ్ళింది.

మరుసటి రోజు మేడం ఉలుకమ్మను పిలిపించి కుర్చీ చూపించింది. ఆ గదిలో అంతకుముందు ఆమెకు కుర్చీ చూపించినవాళ్ళు లేరు. మంచినీళ్ళిచ్చింది. పాప ఏం చదువుతోందని అడిగింది. నీలాంటి మంచి మనిషి జీవితాన్ని ఒక భయం పాడుచేస్తుంటే మేం చూస్తూ ఊరుకోలేమంది. మనసు సంగతులు తెలిసిన సారు ఒకాయన ప్రతి బుధవారం వస్తాడు, నీ విమానం రోజుకల్లా భయమంతా దులిపేస్తాడు, ఆ గంటకు నీ పని కూడా వేరేవాళ్ళు చేస్తారంది. ఉలుకమ్మకు కళ్ళు చెమర్చాయి. పాపం, చెమర్చాయి. ఆ దయ తన కోసమే అనుకుంది.

చిరిగిన దుప్పట్లు కుప్పపోసే గదిలో రెండు కుర్చీలు వేశారు. జనం ఆయనకు మొదటి రోజే ధైర్యం సారని పేరు పెట్టేశారు. చెడ్డమనిషేం కాదు. ఓపిగ్గా విన్నాడు. అంతా విని, విమానం దాకా ఎందుకు, చిన్నదానితో మొదలుపెడదాం, మీ లిఫ్టు ఉందిగా, విమానమన్నా పెద్ద లిఫ్టే కదా అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఉలుకమ్మ అడగలేదు. లిఫ్టు చప్పుడంటే నీకు ఎన్నిసార్లు భయమేసిందని అడిగాడు. చాలాసార్లు సార్ అంది. నువ్వు అందులో ఉండగా అది ఎన్నిసార్లు పడిందని అడిగాడు. ఒక్కసారి కూడా లేదు సార్ అంది.

"చూశావా? మరి అబద్ధం చెప్పేదెవరు? లిఫ్టా, నీ భయమా?"

దానికి జవాబుంది. నేను ఎక్కకపోబట్టే సార్, నేనుండగా పడలేదు. ఖాళీది పడింది సార్. ఈ మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. అంత చదువుకున్న మనిషి, ఎదురుగా కుర్చీ, చేతిలో మంచినీళ్ళ గ్లాసు. మింగేసింది.

ఆయన ఒక కిటుకు నేర్పాడు. చప్పుడు వినపడగానే బొటనవేలితో చూపుడువేలిని నొక్కిపెట్టాలి. ఊపిరి నిండా పీల్చి వదలాలి. ఇది మామూలు శబ్దమే, నేను క్షేమంగా ఉన్నాను అని లోపల అనుకోవాలి. అనుకుని, ఆగకుండా ముందడుగు వెయ్యాలి. ఆగితే భయం గెలిచినట్టట.

ఆ కిటుకు పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. మొదటిసారి గిన్నె గీకిన చప్పుడు విని కూడా ఉలుకమ్మ వేళ్ళు నొక్కుకుని, ఊపిరి పీల్చి, ట్రాలీ తోసుకుంటూ లోపలికి నడిచింది. లిఫ్టు పైకి పోయింది, ఆగింది, గేటు తెరుచుకుంది. రెండో అంతస్తు వేడిగాలి ముఖానికి కొట్టింది. ఏం కాలేదు. పందెం గెలిచినదానిలా బయటికొచ్చింది. రోలర్ల దగ్గరివాళ్ళు చప్పట్లు కొడితే సిగ్గుపడి తువ్వాళ్ళ చాటుకు పోయింది. ఆ సంతోషం అబద్ధం కాదు. పుట్టిన దగ్గర్నుంచీ పిరికిదానివి అనిపించుకున్న మనిషికి అది మొదటి గెలుపు.

ఇంట్లో కూడా సాధన మొదలైంది. రెండు వరసలుగా కుర్చీలు వేసి, కూతురు నడుముకు చున్నీ కట్టుకుని, తలుపులు ఎటున్నాయో చేతులు చాపి చూపించేది. అత్తగారు గొంతు బొంగురుపోయేలా ఇంజను చప్పుడు చేసేది. విమానం కుదుపుల్లో పడిందంటూ ఆవిడ ఉలుకమ్మ కుర్చీని పట్టుకుని ఊపేస్తుంటే, మెల్లగా అత్తయ్యా, ఇల్లు కూలిపోతుంది అని ఉలుకమ్మ, ఇది మామూలు శబ్దమే అని కూతురు, నలుగురూ దగ్గొచ్చేదాకా నవ్వారు. బల్ల మళ్ళీ గది మధ్యకు వచ్చింది, ఈత మళ్ళీ మొదలైంది.

కంపెనీలో ఆమె ఫొటో నోటీసు బోర్డుకెక్కింది. భయాన్ని జయించిన మన ఉద్యోగిని అని కింద రాశారు. లిఫ్టు ఆగడం మానేసింది. మెట్ల మీద నీళ్ళు కారడం లేదు. పైన రోలర్లు ఖాళీగా తిరగడం లేదు. మేనేజరు ఒకరోజు నేలమాళిగలోకి దిగొచ్చి ఆమె భుజం తట్టి వెళ్ళాడు.

గడసరి ఆ ఫొటో ముందు నిలబడి మూతి విరిచింది. "బానే ఉంది. నువ్వు కూడా ధైర్యవంతురాలివైపోతే ఇంక మా కోసం భయపడేదెవరే?"

అది వేళాకోళమే. అయినా ఉలుకమ్మకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ ముల్లు మీద కూడా వేళ్ళు నొక్కిపెట్టి ఊపిరి పీల్చింది. అంతగా నేర్చుకుంది.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, ఆసుపత్రి దుప్పట్ల ట్రాలీ. లిఫ్టు గొంతు సవరించుకుంది. తర్వాత గిన్నె గీకలేదు. అంతకుముందెప్పుడూ వినని చప్పుడు, ఏదో కొరికి వదిలినట్టు. ఉలుకమ్మ పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ఒళ్ళంతా వెనక్కి పో అంది. సూపర్‌వైజరు చూస్తున్నాడు. బోర్డు మీద ఫొటో ఉంది. ఆగితే భయం గెలిచినట్టు, నాలుగు రోజుల్లో విమానం, బల్ల మీద ఈదే పిల్ల. వేళ్ళు నొక్కింది. ఊపిరి పీల్చింది. ముందడుగు వేసింది. గడసరి అప్పటిదాకా గేటు బయటే నిలబడి ఆమె పాదాలు చూస్తోంది. అవి లోపలికి పడగానే తనూ ఎక్కి, ట్రాలీ వెనకవైపుకు చేరింది.

మొదటి అంతస్తు దాటాక లిఫ్టు ఆగింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత జారింది. కింద కొట్టుకున్నప్పుడు ట్రాలీ ఎగిరి వెనకగోడకు పడింది. గోడకూ ట్రాలీకీ మధ్య గడసరి ఉంది. గేటు వైపున్న ఉలుకమ్మకు భుజం కమిలింది, అంతే. తడి దుప్పట్లు ఇద్దరి మీదా కూలాయి. గేటు వంగిపోయి తెరుచుకోకపోతే కడ్డీలు పెట్టి పీకారు. అంతసేపూ గడసరి అరవలేదు. గడసరి అరవకపోవడం అంటే ఏమిటో అక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెలుసు.

ఆసుపత్రిలో తుంటి ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. మళ్ళీ నడుస్తుందా అంటే చూద్దాం అన్నారు. మర్నాడు ఉలుకమ్మ వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. తన తప్పేనంది. గడసరి పైకప్పు వంక చూస్తూ నిదానంగా మాట్లాడింది.

"నేను రోజూ నీ కాళ్ళు చూసి ఎక్కేదాన్నే. ఈ పళ్ళికిలించడాలు అవీ పైపైనే. నిన్న కూడా చూశాను. ముందుకే పడ్డాయి."

"నిన్న కూడా భయమేసింది అక్కా. చచ్చేంత భయమేసింది. బయటికి రానివ్వలేదు."

గడసరి ముఖం గోడవైపు తిప్పుకుంది. "చెప్పి చావొచ్చుగా మరి" అంది.



మేనేజరు అందర్నీ నేలమాళిగలో నిలబెట్టి మాట్లాడాడు. గోడ మీద ఎర్రక్షరాలు చూపించాడు. మనుషులు ఎక్కకూడదని అంత స్పష్టంగా రాసి ఉంటే ఎక్కింది వాళ్ళేనని, అయినా కంపెనీ జాలి తలచి కొంత సాయం చేస్తుందని చెప్పాడు. పక్కనే సూపర్‌వైజరు తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. మెకానిక్ మళ్ళీ వచ్చాడు. కొత్త బ్రేకు పట్టీ రావడానికి రోజులు పడుతుందన్నాడు. అందాకా అరిగిన పట్టీ కింద రేకు ముక్క దోపి బిగించమన్నారు. బిగించాడు. గేటు సాగ్గొట్టారు. దుప్పట్లు మళ్ళీ ఉతికారు. లిఫ్టు తిరిగింది. నోటీసు బోర్డు మీంచి ఉలుకమ్మ ఫొటో మాత్రం ఎవరు తీశారో తీసేశారు.

మేడం ఆమెను మళ్ళీ పిలిచి మళ్ళీ కుర్చీ చూపించింది. నీ మనసు దెబ్బతింది, సెలవు ఇవాళ్టి నుంచే తీసుకో అంది. సముద్రం చూస్తే అన్నీ మర్చిపోతావంది. విమానం ఎక్కేముందు గుండె దడగా ఉంటే సారుకు ఫోను చెయ్యమంది. ఉలుకమ్మ ఈసారి కూర్చోలేదు. తను విమానం ఎక్కాలని వీళ్ళకు తన కూతురి కంటే ఎక్కువ ఆత్రంగా ఉందేమిటా అనుకుంది. ఆ ఆలోచన వచ్చాక మిగిలినదంతా తాడు పట్టి లాగినట్టు దానంతటదే వచ్చింది. కుర్చీ ఎందుకో, నీళ్ళెందుకో, విమానం ముందు లిఫ్టెందుకో.

ప్రయాణం రోజు ఉదయం ట్యాక్సీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. సంచులు ఎక్కించారు. అత్తగారు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, ట్యాక్సీలోనూ కిటికీయే కావాలావిడకు. కూతురు కొత్త టోపీ పెట్టుకుంది. ఉలుకమ్మ గుమ్మంలో నిలబడి, నేను రావట్లేదండీ అంది.

మొగుడు మళ్ళీ మొదలైందా అన్నట్టు చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఇన్ని రోజులు నేర్చుకున్నావు కదా, వేళ్ళు నొక్కుకో అన్నాడు.

"ఇవాళ పొద్దుటి షిఫ్టులో ఆ లిఫ్టు ఎవరో ఎక్కుతారు. మొన్నటిదాకా ఎక్కనివాళ్ళు నన్ను చూసే ఎక్కడం నేర్చుకున్నారు. నేను వెళ్ళి ఆపాలి."

"నువ్వొక్కదానివి నిలబడితే ఆగుతుందా?"

"నేనొక్కదాన్ని ఎక్కితే అందరూ ఎక్కారుగా."

ఆయనకు కోపం వచ్చింది. రాదా మరి. ఏడాదంతా ఎదురుచూసిన సెలవు. డ్రైవరు హారను కొట్టాడు. పాపకు ఏం చెప్పమంటావన్నాడు. భయపడిందని చెప్పండి, అబద్ధం కాదుగా అందామె. విమానం భయం పోయిందా అంటే పోలేదు. ఆ ఉదయం ఆమెలో రెండు భయాలూ ఉన్నాయి, ఏ భయం ఎంతో విడదీయడం ఆమె వల్లే కాలేదు. నిజంగా లిఫ్టు కోసమే ఆగుతున్నానా, లేక ఇదో సాకా అని కూడా అనిపించింది. అనిపించినా ఆగింది.

అత్తగారు అద్దం దించి, "పిరికితనానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టకమ్మాయ్" అని అద్దం ఎత్తేసింది. కూతురు ఈసారి, నువ్వు రాకపోతే పోనని అనలేదు. టోపీ ముఖం మీదికి లాక్కుంది. ట్యాక్సీ మలుపు తిరిగేదాకా ఉలుకమ్మ చూసింది. ఆ టోపీ ఒక్కసారైనా ఇటు తిరగలేదు. ఈ లెక్క కూడా మీ ఖాతాలోదే, రాసుకోండి. ఆ పిల్ల దృష్టిలో తల్లి ఇప్పుడు మాట తప్పిన పిరికిది.

కంపెనీకి వెళ్ళేసరికి ట్రాలీ నిండి ఉంది. రోలర్ల దగ్గరనుంచి దించిన ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని లిఫ్టు ముందు నిలబడ్డారు. సూపర్‌వైజరు ఆమెను చూసి, సెలవు కదా నీకు, విమానం వెళ్ళిపోయిందా అన్నాడు. ఆమె ట్రాలీకీ లిఫ్టుకూ మధ్యలోకి వెళ్ళి నిలబడింది. లిఫ్టు గొంతు సవరించుకుంది. దోపిన రేకు కీచుమంది. ఆమె ఒళ్ళంతా వణికింది. ఈసారి వేళ్ళు నొక్కుకోలేదు. వణుకు అందరికీ కనపడనిచ్చింది. ట్రాలీ పట్టుకున్న ఇద్దరూ ఆమెను చూసి చేతులు వదిలేశారు. పిండే యంత్రాల దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన చేరారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, మూటలు కట్టి మెట్లెక్కడానికీ కదల్లేదు.

మేనేజరు దిగొచ్చాడు. వెనకే మేడం. మేడం ఆమె చెయ్యి పట్టుకుని, ముందు ఊపిరి తీసుకో, గట్టిగా తీసుకో అంది. ఉలుకమ్మ చెయ్యి విడిపించుకుంది.

"భయమేస్తోంది మేడం. వెయ్యనివ్వండి."

తర్వాత మేనేజరు వైపు తిరిగింది. గొంతు వణుకుతూనే ఉంది, మాట మాత్రం ఎక్కడా తెగలేదు.

"లిఫ్టు స్విచ్చు తీసెయ్యండి సార్. తీసి ఫ్యూజు మా చేతికివ్వండి. కొత్త బ్రేకు తెప్పించండి, రేకు ముక్క కాదు. గడసరక్క మళ్ళీ నడిచేదాకా వైద్యం కంపెనీయే చేయించాలి, జీతం ఇంటికి పంపాలి. జాలితో కాదు, తప్పు మాది అని ఒప్పుకుని. గేటు దగ్గర ప్రమాదమని అంటించిన కాగితం పీకి, ఆ మాటే రాసి అంటించండి. కొత్త బ్రేకు వేశాక మొదట మేం ఎక్కం. మీరెక్కుతారు, మేడం ఎక్కుతారు, బుధవారం సారు ఎక్కుతారు. తడి దుప్పట్ల ట్రాలీ చెరోవైపు పట్టుకుని రెండో అంతస్తు దాకా పోయి, దిగి రండి. మేం ఇక్కడే నిలబడి చూస్తాం. అందాకా ఒక్క దుప్పటి పైకి పోదు. రేపు కాదు, మీటింగు పెట్టి కాదు. స్విచ్చు ఇప్పుడు తియ్యండి."